రెండు కుర్చీల డెంటల్ క్లినిక్‌కు ఎలాంటి ఆటోక్లేవ్ కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మండల కేంద్రంలో రెండు కుర్చీల డెంటల్ క్లినిక్ తెరుస్తున్నారు. ప్రస్తుతానికి రూట్ కెనాల్స్, పళ్లు తీయడం, క్లీనింగ్, క్యాపులు. రెండేళ్లలో ఇంప్లాంట్లు కూడా మొదలుపెట్టాలని ఉంది. ఒక డీలరు పైనుంచి మూత తీసే నిలువు ఆటోక్లేవ్ (పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే మెషిన్) 14 వేలకు ఇస్తానని, "ఊళ్లో అందరూ ఇదే వాడుతున్నారు, డాక్టరుగారూ" అన్నాడు. ఇంకొకాయన ముందు తలుపున్న బి క్లాస్ మెషిన్‌కు (లోపలి గాలిని పంపుతో లాగేసే రకం) లక్షా పదిహేను వేలు చెప్పి, అది లేకుండా క్లినిక్ తెరవడమే తప్పన్నాడు. ఎవరి మాట నమ్మాలి, ఎన్ని లీటర్లది కొనాలి అని అడిగారు.

జవాబు ముందే చెబుతాను. 22 లేదా 23 లీటర్ల బి క్లాస్ మెషిన్ కొనండి, దాంతోపాటు కనీసం ఆరు ఎయిరోటర్ హ్యాండ్‌పీస్‌లు (గాలితో తిరిగే, పంటిని తొలిచే డ్రిల్లులు) కొనండి. డబ్బు చాలకపోతే రెండో కుర్చీని ఆరు నెలలు వాయిదా వేయండి, ఆటోక్లేవ్‌ను వాయిదా వేయకండి. 14 వేల నిలువు డ్రమ్మును నేను పూర్తిగా కొట్టిపారేయను. దాని సంగతి చివర్లో.

నేను మిర్యాలగూడలో 23 ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఇప్పటికి నాలుగు ఆటోక్లేవ్‌లు కొన్నాను, అందులో రెండు తెలియక కొన్నవి. అలా పోగొట్టుకున్న డబ్బుతో తెలుసుకున్నదే ఎక్కువగా కింద రాస్తున్నాను.

అమ్మేవాళ్లు ఎప్పుడూ ప్రెషర్ గురించి, డిగ్రీల గురించి మాట్లాడతారు. మీరు అడగాల్సింది గాలి గురించి. లోపలున్న గాలిని ఈ మెషిన్ ఎలా బయటికి పంపుతుంది? 14 వేలకూ లక్షకూ మధ్య ఉన్న తేడా దాదాపుగా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

కుక్కర్ మూత బిగించగానే ఎవరూ విజిల్ పెట్టరు. గొట్టంలోంచి ఆవిరి ధారగా వచ్చేదాకా ఆగి అప్పుడు పెడతారు. చిన్నప్పుడు ఎందుకని అడిగితే మా అమ్మ "లోపలి గాలి పోవద్దూ?" అంది. ఆటోక్లేవ్ గురించి నాకు తెలిసిన మొదటి పాఠం అదే. 15 పౌండ్ల ప్రెషర్ దగ్గర లోపల ఆవిరి తప్ప మరేమీ లేకపోతే 121 డిగ్రీలు ఉంటుంది. గాలి సగమే పోయి ఉంటే 112 దగ్గరే ఆగిపోతుంది. గాలి అసలు పోకపోతే 100 డిగ్రీలు, అంటే మరిగే నీళ్లతో సమానం. గేజి మాత్రం మూడుసార్లూ 15 పౌండ్లే చూపిస్తుంది. గేజికి ప్రెషర్ తెలుసు, ఆ ప్రెషర్‌లో గాలి వాటా ఎంతో, ఆవిరి వాటా ఎంతో తెలియదు.

గాలి ఉంటే ఏమవుతుంది? ఆవిరి చల్లటి ఫోర్సెప్స్‌ను తాకి నీటిబొట్టుగా మారేటప్పుడు తనలోని గుప్తోష్ణాన్నంతా అక్కడే వదిలేస్తుంది. 121 డిగ్రీల దగ్గర కిలో ఆవిరి నీరయితే దాదాపు 2200 కిలోజౌళ్ల వేడి దిగుతుంది. కిలో నీరు ఒక డిగ్రీ చల్లబడితే వచ్చేది నాలుగు కిలోజౌళ్లే. అందుకే పొడి వేడితో పనిచేసే హాట్ ఎయిర్ ఓవెన్‌కు 160 డిగ్రీల దగ్గర రెండు గంటలు కావాలి, ఆవిరికి 121 దగ్గర 15 నిమిషాలు, 134 దగ్గర 3 నిమిషాలు చాలు. పరికరానికీ ఆవిరికీ మధ్య గాలి తెర ఉంటే ఈ లెక్కంతా తప్పుతుంది. అప్పుడు మీ ఆటోక్లేవ్ తక్కువ వేడితో, తక్కువసేపు నడిచిన ఓవెన్ అయిపోతుంది.

మౌత్ మిర్రర్, ప్రోబ్, ఫోర్సెప్స్ లాంటి గట్టి సామాను చుట్టూ ఉన్న గాలిని తరిమేయడం కష్టం కాదు. ఆవిరి గాలికన్నా తేలిక, పైనుంచి నిండుతూ గాలిని కిందికి నెట్టేస్తుంది. ఎయిరోటర్ అలా కాదు. సన్నటి గొట్టాలు, చివర టర్బైన్, దాని బేరింగులు. ఆవిరి అటు చివరనుంచీ ఇటు చివరనుంచీ దూరితే మధ్యలో గాలి బిరడాలాగా బిగుసుకుపోతుంది. పైగా ఎయిరోటర్ ఆగే క్షణంలో నోట్లోని తడిని కొంత లోపలికి పీల్చుకుంటుంది. అంటే మురికి చేరేదీ అక్కడే, ఆవిరి చేరనిదీ అక్కడే. పౌచ్‌లో (కాగితపు సంచిలో) సీలు చేసిన పరికరాల సెట్టుకూ, గుడ్డలో చుట్టిన గాజ్ (పలచటి కట్టుగుడ్డ) ముక్కలకూ ఇదే ఇబ్బంది. వీటిలోని గాలిని నెట్టలేం, పంపుతో లాగాలి.

చిన్న ఆటోక్లేవ్‌లకు ఐరోపాలో ఈఎన్ 13060 అనే ప్రమాణం ఉంది. ఎన్, ఎస్, బి అనే మూడు తరగతులు అందులోవే. ఎన్ క్లాస్ చుట్టని, బోలు లేని గట్టి సామానుకు మాత్రమే. బి క్లాస్ చుట్టినవాటికీ, బోలువాటికీ, గుడ్డలకూ, అన్నింటికీ పనికొస్తుంది. అందులో పంపు సాధారణంగా మూడుసార్లు గాలిని లాగుతుంది, మధ్యమధ్య ఆవిరి నింపుతుంది, చివర మళ్లీ వాక్యూమ్‌తో ఆరబెడుతుంది. ఎస్ క్లాస్‌ను చాలామంది మధ్యరకం అనుకుంటారు. అది సరికాదు. తయారీదారు ఏయే సామానుతో పరీక్షించానని రాసిస్తాడో వాటికే అది పనికొస్తుంది. మీ హ్యాండ్‌పీస్‌లు ఆ జాబితాలో ఉంటే నిక్షేపంగా కొనవచ్చు. మన దగ్గర ఆ జాబితా చూపించమంటే డీలరు ఫోను తీసి పక్కకు వెళ్తాడు, అందుకే ఎస్ క్లాస్ జోలికి వెళ్లమని నేను చెప్పను.

ఇప్పుడు నా మొదటి మెషిన్ కథ. అది మీ డీలరు 14 వేలకు ఇస్తానన్న రకమే. నిలువు డ్రమ్ము, పైన రెక్కల నట్లతో బిగించే మూత, ఒక గేజి, ఒక ఆవిరి వాల్వు, ఒక సేఫ్టీ వాల్వు. మూడేళ్లు దాన్ని కళ్లు మూసుకుని నమ్మాను. సామాను మీద అతికించిన, వేడికి రంగు మారే టేపు ప్రతిసారీ నల్లచారలు తేలేది, అదే నా ధైర్యం. ఒకసారి కాలేజీకి వెళ్లినప్పుడు మా మైక్రోబయాలజీ మేడమ్ "స్పోర్ టెస్ట్ ఎప్పుడు చేశావు?" అని అడిగారు. ఎప్పుడూ చేయలేదు. ఆవిడ మూడు గొట్టాలు చేతిలో పెట్టారు. ఆవిరికి అంత తేలిగ్గా చావని జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి కవచంలో నిద్రపోయే రూపాలు), కింద ఊదారంగు ద్రవం. స్పోర్లు బతికి ఉంటే ద్రవం పసుపుపచ్చగా మారుతుంది.

ఒకటి డ్రమ్ములో అన్నిటికంటే పైన పెట్టాను. ఒకటి దూదీ గాజ్ గుడ్డా కుక్కిన స్టీలు బిన్ను నడిమధ్యలో పెట్టాను. మూడోది ఆటోక్లేవ్‌లో పెట్టకుండా పోలిక కోసం ఉంచాను. మూడింటినీ కాలేజీ ఇంక్యుబేటరులో 56 డిగ్రీల దగ్గర పెట్టించాను. మర్నాడు మధ్యాహ్నం మేడమ్ ఫోను చేశారు. పోలిక గొట్టం పసుపు, అది అలాగే ఉండాలి. పైన పెట్టింది ఊదా, బాగుంది. బిన్ను మధ్యలోది నిమ్మపండు పసుపు.

ఆ రోజు సాయంత్రం నా దగ్గర పనిచేసే అబ్బాయి ఆటోక్లేవ్ ఎలా పెడుతున్నాడో పక్కన నిలబడి చూశాను. వాల్వులోంచి మొదటి బుస్సు రాగానే మూసేశాడు. అయిదారు నిమిషాలు ఆవిరి ఆగకుండా పోనివ్వాలని నేనెప్పుడూ చెప్పలేదు, తప్పు నాదే. బిన్ను చుట్టూ ఉండే రంధ్రాల పట్టీ సగమే జరిపి ఉంది. అది లోపల పెట్టేటప్పుడు పూర్తిగా తెరిచి, బయటికి తీశాక మూయాలి. గేజి 15 పౌండ్లు చూపించింది, టేపు నల్లబడింది, బిన్ను మధ్యలో స్పోర్లు హాయిగా బతికి ఉన్నాయి. ఆ మూడేళ్లలో నా పేషెంట్లు ఎవరికైనా ఏమైనా అయిందా? ఫిర్యాదు రాలేదు. అంతకుమించి నేను చెప్పలేను.

కాబట్టి టేపు రంగు మారితే ప్యాకెట్టుకు వేడి తగిలిందని అర్థం, లోపలి పరికరం శుద్ధి అయిందని కాదు. ప్రతి పౌచ్ లోపల మంచి ఇండికేటర్ పట్టీ, వారానికోసారి స్పోర్ టెస్ట్ ఉండాల్సిందే. ఇప్పుడు స్పోర్ గొట్టాలు, బల్లమీద పెట్టుకునే చిన్న ఇంక్యుబేటర్లు మార్కెట్లో దొరుకుతున్నాయి. ప్రతిసారీ ఆటోక్లేవ్ చేయని గొట్టం ఒకటి పక్కన పెట్టండి. అది పసుపు కాకపోతే ఆ బ్యాచి స్పోర్లే చచ్చిపోయి ఉన్నాయని, మీ పరీక్షకు అర్థం లేదని గుర్తు.

ఇక ఎన్ని లీటర్లు. దీన్ని మెషిన్ వైపు నుంచి కాకుండా హ్యాండ్‌పీస్‌ల వైపు నుంచి లెక్క కట్టండి. బి క్లాస్‌లో పౌచ్‌లతో పూర్తి సైకిల్, ఆరబెట్టడంతో కలిపి, నా దగ్గర 45 నుంచి 50 నిమిషాలు పడుతుంది. దానికి ముందు కడగడం, తుడవడం, నూనె వేయడం, పౌచ్ సీలు చేయడం, తర్వాత చల్లారడం. పేషెంటు నోట్లోంచి వచ్చిన ఎయిరోటర్ మళ్లీ ట్రేలోకి వచ్చేసరికి గంటన్నర అనుకోండి. ఆ గంటన్నరలో రెండు కుర్చీల మీద నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకటి రిపేరులో ఉంటుంది, అది ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఆరు. మూడే ఉంటే మీరెంత నిజాయితీ ఉన్నవారైనా సాయంత్రం ఏడున్నరకు బయట నలుగురు కూర్చుని ఉన్నప్పుడు స్పిరిట్ దూదితో తుడిచి వాడేస్తారు. నేనూ వాడాను. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కనీసం ఏడు రోజులు బతుకుతుంది, బయట తుడిచిన స్పిరిట్ టర్బైన్ లోపలికి వెళ్లదు. అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2003 నాటి డెంటల్ మార్గదర్శకాల్లోనే హ్యాండ్‌పీస్‌లను పేషెంటుకూ పేషెంటుకూ మధ్య వేడితో శుద్ధి చేయాలని స్పష్టంగా చెప్పింది. కొనే ప్రతి హ్యాండ్‌పీస్ మీద 135 లేదా 134 అంకె, ఆటోక్లేవ్ గుర్తు చెక్కి ఉన్నాయో లేదో చూసుకోండి.

18 లీటర్లదీ 23 లీటర్లదీ గుండ్రటి గది వ్యాసం చాలా మెషిన్లలో ఒకటే, 25 సెంటీమీటర్ల దాకా. తేడా లోతులో ఉంటుంది, 35 సెంటీమీటర్లు, 45 సెంటీమీటర్లు. ఇంప్లాంట్ కిట్ల పెట్టెలు పొడుగ్గా ఉంటాయి, రెండేళ్ల తర్వాత ఆ పది సెంటీమీటర్లే మీకు అక్కరకొస్తాయి. షోరూముకు వెళ్లేటప్పుడు మీ ట్రే, మీ కేసెట్టు (పరికరాలు పెట్టే పెట్టె) చేతిలో పట్టుకెళ్లి లోపల పెట్టి చూడండి. సిగ్గుపడకండి, చీర కొనేటప్పుడు కుచ్చిళ్లు పెట్టి చూడమా! బ్రోచరులో ఎన్ని కిలోలు పడుతుందో చూసేటప్పుడు కూడా జాగ్రత్త. పెద్ద అక్షరాల అంకె గట్టి సామానుకు ఇచ్చింది. చుట్టిన సామానుకు, గుడ్డలకు అందులో చాలా తక్కువ రాసి ఉంటుంది, కింద, చిన్న అక్షరాల్లో.

12 లీటర్ల బుల్లి మెషిన్లు చూడడానికి ముద్దుగా ఉంటాయి. ఒక కుర్చీకే చాలవు.

"బి క్లాస్" అని స్టిక్కరు అతికించిన మెషిన్లన్నీ బి క్లాస్ కావు. కొన్నింటిలో వాక్యూమ్ పంపు చివర ఆరబెట్టడానికి మాత్రమే పనిచేస్తుంది. అందుకే డబ్బు మొత్తం కట్టకముందు మీ క్లినిక్‌లో, మీ కళ్లముందు, మూడు పరీక్షలు చేయించండి.

ఒకటి, వాక్యూమ్ లీకు పరీక్ష. ఖాళీ మెషిన్ గాలిని లాగి, పంపు ఆపేసి, కాసేపు ఊరుకుంటుంది. లోపలి ఒత్తిడి నిమిషానికి 1.3 మిల్లీబార్లకు మించి పెరగకూడదు. పెరిగితే ఎక్కడో గాలి దూరుతోంది, ఎక్కువసార్లు తలుపు రబ్బరు దగ్గరే.

రెండు, హెలిక్స్ పరీక్ష. మీటరున్నర పొడవు, రెండు మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న సన్నటి గొట్టం చుట్ట ఇది. దాని కొసన చిన్న డబ్బీలో రంగు పట్టీ ఉంటుంది. ఆవిరి అంత పొడుగు గొట్టంలో ప్రయాణించి కొసదాకా వస్తేనే పట్టీ నిండా రంగు మారుతుంది. మీ ఎయిరోటర్‌కు ఇది నకలు అనుకోండి. నేను చూసిన ఒక చవక మెషిన్‌లో పట్టీ మీద నాలుగు గళ్లలో మూడు మారాయి, నాలుగోది మొదట్లో ఎలా ఉందో అలాగే ఉంది. డీలరు "దాదాపు పాసే కదా సార్" అన్నాడు. ఆ దాదాపు దగ్గర గాలి కూర్చుని ఉంది.

మూడు, బోవీ డిక్ పరీక్ష. కాగితాల కట్ట మధ్యలో ఒక రంగు కాగితం ఉంటుంది. 134 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాలు నడిపి తీస్తే కాగితమంతా ఒకే రంగులో ఉండాలి. మధ్యలో పాలిపోయిన మచ్చ ఉంటే అక్కడ గాలి మిగిలిపోయింది. గుడ్డలు, గౌన్లు ఎక్కువగా పెట్టేవారికి ఇది ముఖ్యం, మీకు రోజువారీగా హెలిక్స్ చాలు.

ప్రింటరు ఉన్న మెషిన్ తీసుకోండి, లేదా పెన్‌డ్రైవ్‌లో రికార్డు పడేదైనా సరే. నిన్నటి నా స్లిప్పు ఇప్పుడు ముందుంది. ఒత్తిడి మైనస్ 0.8 బార్‌కు దిగింది, ఎక్కింది. మళ్లీ దిగింది, ఎక్కింది. మూడోసారి దిగి నేరుగా 2 బార్లు దాటింది. అక్కడ నాలుగు నిమిషాలు 134కు తగ్గకుండా 135.2, 135.4 అంటూ నిలిచింది. తర్వాత 14 నిమిషాలు ఆరబెట్టడం. ఈ మూడు లోయలు స్లిప్పులో కనబడకపోతే స్టిక్కరు మీద ఏ అక్షరం ఉన్నా పట్టించుకోకండి. స్లిప్పుల కాగితం ఏడాదిలో వెలిసిపోతుంది, ఫొటో తీసి ఉంచుకోండి.

నీళ్ల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను తప్పు కొన్నానన్న రెండో మెషిన్‌ను చంపింది నీళ్లే. మా నల్గొండ జిల్లా బోరు నీళ్ల సంగతి మీకు తెలిసే ఉంటుంది. గీజరు కాయిల్ మీద తెల్లటి పెంకు కడుతుంది. ఆటోక్లేవ్‌లో బోరు నీళ్లు పోసేంత అమాయకత్వం నాకు లేదు, ఆర్‌ఓ నీళ్లు పోశాను. ఎనిమిది నెలలకు మిర్రర్ల మీద తెల్లటి మచ్చలు, స్టీలు మీద కాఫీ మరకల్లాంటి చుక్కలు. వాటిని తుప్పనుకుని పరికరాల కంపెనీని తిట్టుకున్నాను. పదకొండో నెలలో ఆవిరి తయారయ్యే భాగం పెంకు కట్టి మూసుకుపోయింది, వారంటీలో ఇది రాదన్నారు. వాళ్లన్నది న్యాయమే, మాన్యువల్‌లో రాసి ఉంది.

ఆర్‌ఓ తాగడానికి, ఆటోక్లేవ్‌కు కాదు. ఈఎన్ 13060 చెప్పే లెక్క ప్రకారం నీటి విద్యుద్వాహకత సెంటీమీటరుకు 15 మైక్రోసీమెన్లలోపు ఉండాలి. కొన్ని వందల రూపాయల టీడీఎస్ మీటరులో చూస్తే ఇది ఏడెనిమిది అంకె చుట్టూ. మా ఇంటి ఆర్‌ఓ నీళ్లు 45 చూపించాయి. బ్యాటరీ షాపులో "డిస్టిల్డ్ వాటర్" అని అమ్మే క్యాను ఒకటి 4 చూపించింది, ఇంకో వారం అదే షాపులో కొన్నది 60 చూపించింది. ఏసీ నీళ్లు పట్టి పోసేవాళ్లూ ఉన్నారు. ఏసీ కాయిల్ మీది దుమ్మూ లోహపు మలినాలూ కూడా అందులో ఉంటాయి, వద్దు. నేను చివరికి నాలుగు లీటర్ల బల్లమీది డిస్టిల్లర్ కొన్నాను. రాత్రి స్విచ్ వేస్తే తెల్లారేసరికి క్యాను నిండి ఉంటుంది. అయిదేళ్లయింది, మెషిన్‌లో ఒక్క మచ్చ లేదు. మెషిన్ బడ్జెట్‌లో దీని ఖర్చు మొదటిరోజే కలుపుకోండి.

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఈ సైజు మెషిన్లు 2 కిలోవాట్ల చుట్టూ లాగుతాయి. 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి విడిగా ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. కంప్రెసరు ఉన్న లైను మీదే దీన్ని పెట్టకండి. ఇన్వర్టరు మీద నడుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. సైకిల్ మధ్యలో కరెంటు పోతే ఎన్ని నిమిషాలు మిగిలున్నా ఆ లోడు మొత్తం మొదటినుంచి చేయాల్సిందే. ఎండాకాలంలో మా దగ్గర కోతలకు ఒక వేళ ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం లోడు ఆ వేళకు ముందే ముగిస్తాం.

కంపెనీ పేరుకన్నా ఇంజినీరు ఎంత దూరంలో ఉంటాడన్నది ముఖ్యం. నా మూడో మెషిన్ మంచిదే. రెండో ఏడు వాక్యూమ్ పంపు డయాఫ్రం చినిగింది. ఫోను చేస్తే రేపన్నారు. రేపు పందొమ్మిది రోజులైంది, విడిభాగం వేరే రాష్ట్రం నుంచి రావాలట. కొనేముందు మీ జిల్లాలో అదే మెషిన్ వాడుతున్న ఇద్దరి నంబర్లు డీలరును అడగండి. ఫోను చేసి ఒకే ప్రశ్న వేయండి: "చివరిసారి చెడిపోయినప్పుడు ఎన్నాళ్లకు వచ్చారు?" తలుపు రబ్బరు, ఫిల్టరు ఒక్కొక్కటి అదనంగా మొదటి బిల్లులోనే రాయించుకోండి. ఇంకొకటి: 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం కిందికి వచ్చాయి. బిల్లు లేకుండా తగ్గింపు ఇస్తానంటే ఒప్పుకోకండి.

ఎంత మంచి మెషిన్ అయినా కడగని పరికరాన్ని శుద్ధి చేయలేదు. ఎండిన రక్తం, సిమెంటు కింద ఆవిరి చేరదు. వాడిన వెంటనే ఎంజైమ్ ద్రావణంలో నానబెట్టాలి, అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో (శబ్ద తరంగాలతో మురికి వదిలించే తొట్టిలో) వేయాలి, కడగాలి, పూర్తిగా ఆరనివ్వాలి. రూట్ కెనాల్‌లో వాడే ఎండో ఫైళ్ల గాడుల్లో ఏముందో ఒకసారి భూతద్దంతో చూడండి, తర్వాత ఎవరూ చెప్పనక్కర్లేదు. పౌచ్‌లను చపాతీల్లా ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు, పుస్తకాల్లా నిలబెట్టాలి. బయటికి తీసిన పౌచ్ తడిగా ఉంటే అది శుద్ధి కానట్టే లెక్క, తడి కాగితం గుండా సూక్ష్మజీవులు లోపలికి ప్రయాణిస్తాయి. మళ్లీ పెట్టాలి. కార్బన్ స్టీలు బర్‌లు (డ్రిల్లు మొనలు) ఆవిరిలో తుప్పు పడతాయి, వాటిని మానేయడమే మేలు. గ్లాస్ బీడ్ స్టెరిలైజర్‌ను (వేడి గాజుపూసల డబ్బాను), నీలి లైటు (యూవీ) అల్మారాను శుద్ధికి లెక్క వేయకండి. ఆ అల్మారాలో శుద్ధి అయిన సామాను దాచుకోవచ్చు, అంతే. మెషిన్‌లో 18 నిమిషాల ప్రయాన్ సైకిల్ (మెదడు జబ్బులు తెచ్చే ప్రయాన్ అనే ప్రోటీన్ల కోసం) ఉంటుంది. "ఎందుకైనా మంచిది" అని రోజూ అదే నడిపితే హ్యాండ్‌పీస్ బేరింగులు ముందే అరిగిపోతాయి.

ఇక డ్రమ్ము. నా పాత నిలువు ఆటోక్లేవ్ ఇప్పటికీ వెనక గదిలో ఉంది. ఆ పందొమ్మిది రోజులూ క్లినిక్ మూతపడకుండా కాపాడింది అదే. అయితే ఎయిరోటర్ పనులన్నీ ఆపేశాను. రూట్ కెనాల్ పేషెంట్లను వాయిదా వేశాను, కొందరు వేరే డాక్టరు దగ్గరికి వెళ్లిపోయారు, పోనిమ్మన్నాను. పళ్లు తీసే ఫోర్సెప్స్, ఎలివేటర్లు, మిర్రర్లు మాత్రం చుట్టకుండా, ఒకదానిమీద ఒకటి పడకుండా జాలీ ట్రేలో పరిచి పెట్టేవాడిని. ఆవిరి ధారగా మొదలయ్యాక గడియారం చూసి ఏడు నిమిషాలు వాల్వు తెరిచే ఉంచేవాళ్లం. తర్వాత మూసి, 121కి చేరినప్పటినుంచి 20 నిమిషాలు. ప్రెషర్ సున్నాకు దానంతట అది దిగేదాకా మూత ముట్టుకునేవాళ్లం కాదు. తీసినవి తీసినట్టు అప్పుడే వాడేవాళ్లం, దాచేవాళ్లం కాదు. ఇలా వాడితే అది నిజాయితీగా పనిచేసే ఎన్ క్లాస్ మెషిన్. మీ చేతిలో ఇంకో 14 వేలు మిగిలితే రెండో మెషిన్‌గా కొనుక్కోండి. మొదటి మెషిన్‌గా మాత్రం వద్దు.

ఇంప్లాంట్ల కోసం ఇప్పుడే ఇంకా పెద్దది కొనాలా అని కూడా అడిగారు. అక్కర్లేదు. 23 లీటర్లు సరిపోతుంది. అప్పటికి పని పెరిగితే ఒక పెద్ద మెషిన్ కన్నా ఇదే సైజుది ఇంకొకటి కొనడం మేలు, ఒకటి పడుకున్నా రెండోది నడుస్తుంది.

మెషిన్ బిగించిన రోజు హెలిక్స్ పట్టీ, మొదటి సైకిల్ స్లిప్పు ఫొటోలు తీసి ఈ జవాబు కిందే పెట్టండి. మూడు లోయలు సరిగ్గా పడ్డాయో లేదో చూసి చెబుతాను. డీలరుకు చివరి చెక్కు మాత్రం ఆ తర్వాతే ఇవ్వండి.